దెయ్యాల కేసులో సాక్షి విచారణ

దెయ్యాలు ఉన్నాయా లేవా అనే వాదన మా కడప కోర్టు ఆవరణలో తరచుగా లేస్తుంది. కక్షిదారులు మొదలుపెడతారు, గుమాస్తాలు కలుస్తారు, కేసు పిలిచేదాకా పొద్దు గడవాలి కనుక సీనియర్లు కూడా ఒక చెయ్యి వేస్తారు. ఒక పక్షం "మా మేనమామ కళ్లారా చూసినాడు" అంటుంది. రెండో పక్షం "ఆ రాత్రి మీ మేనమామ ఎంత తాగినాడో కనుక్కో" అని నవ్వుతుంది. ఆ మేనమామ ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎంత దూరం నుంచి, ఏ వెలుతురులో, ఏమి చూశాడో మొదటి పక్షం చెప్పదు, రెండో పక్షం అడగదు. సివిలు దావాల్లో సాక్షులను విచారించడమే బతుకుతెరువుగా పెట్టుకున్న నాకు ఈ రెండు పక్షాల మీదా ఒకటే ఫిర్యాదు. దెయ్యాన్ని బోనెక్కించడం ఎవరి తరమూ కాదు, సరే. సాక్షిని ఎందుకు ఎక్కించరు?

నేను దెయ్యాలను నమ్మను. నా మొగ్గు ఎటువైపో ముందే చెప్పడం న్యాయం కనుక చెబుతున్నాను. అయితే చూశామని చెప్పేవారిలో ఎక్కువమంది అబద్ధాలకోరులని కూడా నేను అనుకోను. వారు ఏదో చూశారు, ఏదో విన్నారు. ఆ అనుభవం దేనివల్ల కలిగిందో, మన చెవిన పడేనాటికి అది ఎంత మారిందో తేల్చవలసి ఉంటుంది. 1872 నాటి సాక్ష్య చట్టం 60వ సెక్షనులోని నియమం ఈ వృత్తిలో అడుగుపెట్టిన ప్రతివారికీ నోటికి వస్తుంది: నోటి సాక్ష్యం ప్రత్యక్షమైనదై ఉండాలి, చూసిన సంగతి అయితే చూసినవారే వచ్చి చెప్పాలి, విన్న సంగతి అయితే విన్నవారే చెప్పాలి. 2024 జూలై 1 నుంచి ఆ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం వచ్చింది కానీ ఈ నియమం చెక్కుచెదరలేదు. రెండెకరాల మెట్టచేను ఎవరిదో తేల్చడానికి ఇంత పట్టింపు చూపించే మనం, చనిపోయినవారు తిరిగి వస్తారా అనే అంత పెద్ద ప్రశ్నకు మాత్రం "ఎవరో చెప్పగా విన్నాను" అనే మాటతో సరిపెట్టుకుంటున్నాం.

ఈమధ్య మూడో పక్షం ఒకటి తయారైంది. పాడుబడిన బంగళాలకూ ఊరవతలి కోటగోడల దగ్గరికీ రాత్రిపూట కెమెరాలతో వెళ్లి, రకరకాల మీటర్లు తిప్పి, ఆ వీడియోలను యూట్యూబులో పెట్టే కుర్రవాళ్లు వీరు. ఇంట్లో కూర్చుని నవ్వేవారికంటే బయలుదేరి వెళ్లినవారు మేలని నా అభిప్రాయం. కానీ వారు పట్టుకుపోయే ఈఎంఎఫ్ మీటరు కరెంటు తీగల చుట్టూ, యంత్రాల చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని కొలవడానికి తయారైన పరికరం. పక్కవాడి జేబులో సెల్‌ఫోను మోగబోయేటప్పుడు కూడా దాని దీపాలు వెలుగుతాయి. దూరం నుంచి గురిపెట్టి "ఇక్కడ చలి పెరిగింది" అని చూపించే థర్మామీటరు గాలి వేడిమిని కొలవదు, ఎదురుగా ఉన్న గోడ ఉపరితలాన్ని కొలుస్తుంది. స్పిరిట్ బాక్స్ అనే పెట్టె రేడియో స్టేషన్లను ఆగకుండా ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతూ పోతుంది కనుక, అందులోంచి ఆత్మ పలికిందనే "వెళ్లిపో" అన్న మాట ఆకాశవాణి కడప కేంద్రం నాటకంలోదైనా కావచ్చు. ఫోటోల్లో తేలే తెల్లటి గుండ్రాలు లెన్సుకు దగ్గరగా ఎగిరే దుమ్ము మీద ఫ్లాష్ పడి ఏర్పడినవి. మన ఎండాకాలపు గాలిలో దుమ్ముకు కొదవ లేదు. ఇవన్నీ పక్కన పెట్టినా అసలు చిక్కు అలాగే ఉంటుంది. చనిపోయినవారికి అయస్కాంత క్షేత్రం ఉంటుందని ఇంతవరకు ఎవరూ రుజువు చేయలేదు, అది రుజువయ్యేదాకా ముల్లు ఎంత ఊగినా దేనికీ సాక్ష్యం కాదు. ఈ వీడియోల్లో ఆ బంగళా కాపలాదారుకు దక్కేది అర నిమిషం. ఏళ్ల తరబడి అక్కడే పడుకున్న మనిషి ఆయనొక్కడే!

ఈ రంగంలో మొట్టమొదట పద్ధతిగా పని మొదలుపెట్టినవారి దగ్గర మీటర్లే లేవు. 1882లో లండన్‌లో సొసైటీ ఫర్ సైకికల్ రీసెర్చ్ ఏర్పడింది. కేంబ్రిడ్జి తత్త్వశాస్త్ర ఆచార్యుడు హెన్రీ సిడ్జ్‌విక్ దానికి తొలి అధ్యక్షుడు. వారు చేసినది ప్రధానంగా మన వృత్తిలోని పనే: చూశామన్నవారి చేత స్వయంగా రాయించుకోవడం, సంతకం తీసుకోవడం, వారు ఎవరికి ముందుగా చెప్పారో కనుక్కుని ఆ రెండోవారి దగ్గరా రాయించుకోవడం. 1894లో వెలువడిన వారి గణనలో 17,000 మందిని అడిగితే, పూర్తిగా మెలకువగా ఉండగా లేని మనిషిని చూశామనో, గొంతు విన్నామనో, స్పర్శ తగిలిందనో చెప్పినవారు దాదాపు 10 శాతం. అంటే పది మంది ఉన్న వసారాలో ఒకరికి చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంటుందన్నమాట, ఆ ఒకరిని పిచ్చివారిగా జమకట్టనవసరం లేదన్నమాట.

అయితే వారి దగ్గరికి వచ్చిన సాక్షుల్లో నాకు బాగా నచ్చినవాడు ఒక న్యాయమూర్తి. సర్ ఎడ్మండ్ హార్న్‌బీ షాంఘైలోని బ్రిటిష్ సుప్రీం కాన్సులర్ కోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశాడు. 1875 జనవరిలో ఒక రాత్రి ఒంటిగంట దాటిన తర్వాత, తనకు తెలిసిన ఒక పత్రికా సంపాదకుడు నేరుగా పడకగదిలోకి వచ్చి మరునాటి తీర్పు సారాంశం చెప్పమని పట్టుబట్టాడనీ, పక్కన భార్య నిద్ర చెడుతుందేమోనని గొంతు తగ్గించి ఆ నాలుగు మాటలూ చెప్పి పంపించాననీ, ఆయన సరిగ్గా ఆ వేళకే తన ఇంట్లో చనిపోయాడని మరునాడు తెలిసిందనీ హార్న్‌బీ చెప్పాడు. ప్రధాన న్యాయమూర్తి చెబుతున్నాడు, భార్య బలపరుస్తోంది. ఇంతకంటే గట్టి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? 1884లో ఆ కథ ఒక ప్రసిద్ధ మాసపత్రికలో అచ్చయింది. కొద్ది నెలల్లోనే షాంఘైలో ఉన్న బాల్ఫర్ అనే పెద్దమనిషి దాని మీద ఉత్తరం రాశాడు. ఆ సంపాదకుడు చనిపోయినది రాత్రి ఒంటిగంటకు కాదు, ప్రశాంతంగా నిద్రపోయి లేచిన తర్వాత ఉదయం ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య. ఆ రోజు అటువంటి తీర్పు వెలువడినట్టు దాఖలా లేదు. అన్నింటికంటే విడ్డూరం, అప్పటికి హార్న్‌బీకి భార్యే లేదు. మొదటి సంబంధాలు గతించి, తర్వాతి పెళ్లి కావడానికి ఇంకా కొన్ని నెలలు ఉంది. సొసైటీ ఆ కేసును ఉపసంహరించుకుంది. హార్న్‌బీ మాత్రం, తాను చెప్పిన ప్రతి మాటా నిజమనే ఇప్పటికీ నమ్ముతున్నాననీ, తన జ్ఞాపకం మీద నమ్మకం లేకపోతే చెప్పేవాడినే కాననీ సమాధానమిచ్చాడు.

ఆయన అబద్ధమాడాడని నేను అనుకోను. బోనులో నిలబడి ప్రమాణం చేసి, తాను లేని చోట ఉన్నట్టు, జరగని పంచాయితీ జరిగినట్టు చెమ్మగిల్లిన కళ్లతో చెప్పే పెద్దవాళ్లను చూస్తూనే ఉంటాం. వారికి ఎవరూ నేర్పలేదు, వారే తమకు తాము ఏళ్ల తరబడి చెప్పుకుని చెప్పుకుని నమ్మేశారు. తొమ్మిదేళ్లలో ఒక భార్యే కథలోకి వచ్చి చేరిందంటే, పక్కింటివారూ ఎదురింటివారూ చేరడానికి ఎంతసేపు పడుతుంది? 1887లో టేలర్ ఇన్నెస్ అనే స్కాట్లాండు న్యాయవాది సొసైటీవారు పోగుచేసిన ఏడు వందలకు పైగా కేసులను ముందు పెట్టుకుని, "ఆ ఉత్తరాలు ఏవి?" అని ఒకే ప్రశ్న వేశాడు. చావు కబురు అందక ముందే మాకు కనబడిన దృశ్యం గురించి ఫలానావారికి ఉత్తరం రాశామనీ, డైరీలో రాసుకున్నామనీ చెప్పినవారు ఎందరో ఉన్నారు. కబురు కంటే ముందటి తపాలా ముద్రతో ఒక్క ఉత్తరాన్ని ఎవరైనా తెచ్చి చూపించారా అని ఆయన అడిగాడు. పోగుచేసినవారి దగ్గర సరైన జవాబు లేకపోయింది. దెయ్యాల మీద ఇంతవరకు జరిగిన వాదనలన్నింటిలోనూ అంత పొట్టి క్రాస్ ఎగ్జామినేషన్ మరొకటి ఉండదు.

ఇన్నెస్ అడిగిన ఉత్తరం ఈనాడు ప్రతి ఇంట్లోనూ ఉంది. రాయచోటి, రాజంపేట వైపు ఇళ్లలో కువైట్‌కు పోయినవారు లేని గడప అరుదు. ఆ ఊళ్లలో తల్లులు వాట్సాప్‌లో రోజూ గొంతు రికార్డు చేసి పంపుతారు, దాని కింద గంటా నిమిషాలూ పడతాయి. అటువంటి ఒక తల్లి, కువైట్‌లో కొడుకు ప్రమాదంలో చనిపోయిన వేళకే వాకిట్లో నిలబడి "అమ్మా" అని పిలిచాడనీ, వెంటనే తాను వాడికి మెసేజి పెట్టాననీ వాడి పరిహారం కాగితాల పని మీద వచ్చినప్పుడు చెప్పింది. కాగితాల కోసమే ఆమె పెద్దకూతురు ఫోను తెరిచి చూపించింది. మెసేజి ఉంది. "నాయనా, నా మనసు బాగలేదు, నువ్వు వచ్చి పిలిచినట్లయింది, ఒకసారి మాట్లాడు" అని తెల్లవారుజామున పంపిన మాట స్పష్టంగా ఉంది. అక్కడికీ ఇక్కడికీ రెండున్నర గంటల తేడా ఉంటుంది కనుక లెక్క వేస్తే వేళ కూడా ఇంచుమించు కలిసింది. అయితే ఆ అమ్మాయి వేలు పైకి జరుపుతూ పోతుంటే దానికి ముందు వారంలోనూ అటువంటిదే ఉంది, ఆ ముందు నెలలోనూ ఉంది. కల వచ్చిందనీ, కాకి అరిచిందనీ, వాడి గొంతు వినబడిందనీ ఆ తల్లి నెలల తరబడి పంపుతూనే ఉంది. వాడు అన్నింటికీ "బాగున్నా మా" అని జవాబిచ్చాడు, చివరిదానికి తప్ప. ఆ చివరిదాన్నే ఇంటిల్లిపాదీ గుర్తుపెట్టుకున్నారు. ఇదంతా నేను ఆమెకు విడమరిచి చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. విచారణ అనేది తీర్పు అడిగినవారికి చేసే పని. ఏడుస్తున్న మనిషి దగ్గరికి పోయి చేసేది కాదు.

ఇదే కొలబద్దను మన ప్రాంతపు అతి ప్రసిద్ధమైన సాక్షికి కూడా పెట్టి చూడవలసి ఉంది. థామస్ మన్రో 1800 నుంచి 1807 వరకు దత్త మండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరు, 1820 నుంచి మద్రాసు గవర్నరు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేంతగా ఈ సీమ ఆయనను సొంతం చేసుకుంది. ఆయన పేరు మీద రెండు కథలు నడుస్తున్నాయి. మంత్రాలయం మఠం భూముల విషయమై విచారణకు వచ్చినప్పుడు, 1671లో బృందావన ప్రవేశం చేసిన రాఘవేంద్ర స్వామి లేచి వచ్చి ఆయనతో మాట్లాడారనీ, పక్కనున్నవారికి ఎవరూ కనబడలేదనీ ఒకటి. చక్రాయపేట మండలం గండి దగ్గర, పాపాఘ్ని నది కొండలను చీల్చుకుని వచ్చే చోట, రాముడి కోసం వాయుదేవుడు కట్టిన బంగారు తోరణం ఆయన కంటబడిందనీ, అది కనబడినవారికి ఆయువు తీరినట్టేనని వెంట ఉన్నవారు చెప్పారనీ, అన్నట్టుగానే ఆయన కొద్ది రోజులకే కన్నుమూశాడనీ రెండోది. మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించాడన్నది చరిత్ర; ముందు గుత్తిలో సమాధి చేశారు, తర్వాత అవశేషాలను మద్రాసు కోటలోని చర్చికి తరలించారు.

మన్రో విపరీతంగా ఉత్తరాలు రాసిన మనిషి. ఆయన జీవితచరిత్ర ఉత్తరాలతో సహా 1830లోనే అచ్చయింది. కనుక ఇన్నెస్ ప్రశ్న ఇక్కడ మరింత సులువుగా వేయవచ్చు: తోరణం చూశానని ఆయన తన చేతితో రాసిన వాక్యం ఏది? ఆ చివరి ప్రయాణంలో గండి దాటిన తేదీ ఏది? వెంట ఉండి ఆ శకునం చెప్పినవాడు ఆ మాట ఆయన చావుకు ముందు అన్నాడా, తర్వాత అన్నాడా? ఆ కాలంలో కలరా ఎవరినీ వదలలేదు, అదే బాటన పోయి తోరణం చూడకుండానే చనిపోయినవారి గురించి ఎవరూ కథ కట్టలేదు. ఇలా అడగడం దైవదూషణ అని కోపగించేవారున్నారు. నేను శ్రావణమాసంలో గండికి పోతాను, అంజన్న ముందు నిలబడతాను. నా దండానికి ఇంగ్లీషు దొర సర్టిఫికెట్ అవసరమని నాకు ఎన్నడూ అనిపించలేదు. ఆ సర్టిఫికెట్ ఉంటే తప్ప తమ దేవుడికి గౌరవం లేదనుకునేవారి భక్తి ఏ రకమైనదో నాకు అంతుబట్టదు.

సాక్షి చేత మనకు కావలసిన మాట పలికించడం ఎలాగో తెలియాలంటే అంజనం వేయడాన్ని దగ్గరగా చూడాలి. బంగారం పోయిన ఇంట్లో అంజనం వేసే మనిషి వచ్చి, పదేళ్ల లోపు పిల్లవాడిని ఎంచుకుని, తమలపాకు మీదనో బొటనవేలి గోటి మీదనో ఆముదంతో కలిపిన నల్లటి కాటుక పూసి, దీపం వెలుతురులో దానిలోకే రెప్ప వేయకుండా చూడమంటాడు. కాసేపటికి ప్రశ్నలు మొదలవుతాయి. "ఇల్లు కనబడిందా? కనబడింది. లోపలికి ఎవరో వస్తున్నారు చూడు, ఆడమనిషా, మగమనిషా? ఆడమనిషి. ఎర్ర చీరా, పచ్చ చీరా?" కోర్టులో చీఫ్‌లో, అంటే సాక్షిని పిలిచిన వకీలే మొదట విచారించేటప్పుడు, ఇటువంటి ప్రశ్న ఒక్కటి వేసినా ఎదుటి వకీలు లేచి నిలబడతాడు, ఎందుకంటే జవాబు ప్రశ్నలోనే ఉంది. రెండు రంగుల్లో ఒకటి ఎంచుకున్న ఆ పసివాడు ఇంట్లో అంట్లు తోమే మనిషి జీవితాన్ని ఎంచుకున్నట్టే. ఆ పిల్లవాడు నటించనవసరం కూడా లేదు. 2010లో ఇటలీ మనస్తత్వవేత్త జియొవాన్ని కపుటో 50 మందిని మసక వెలుతురులో పది నిమిషాలపాటు అద్దంలో తమ ముఖాన్నే చూసుకోమంటే, ముఖం విపరీతంగా వికారమైపోయిందని మూడింట రెండు వంతుల మంది చెప్పారు. చనిపోయిన బంధువులను, వింత జీవులను చూసినవారూ ఉన్నారు. వెలుతురు తగ్గి చూపు ఒకే చోట నిలిచినప్పుడు కన్ను పంపే సమాచారం పలచబడుతుంది, మిగతాది మెదడు పూరించుకుంటుంది. దానికి మాట సాయం దొరికితే, ఇక చెప్పనవసరం లేదు.

అడిగే తీరు సరిగా ఉంటే ఏమి దొరుకుతుందో ఒక ఇంటి విషయంలో చూశాను. అన్నదమ్ముల భాగాల దావాలో ఆస్తిని చూసి రిపోర్టు ఇవ్వడానికి కోర్టు నన్ను కమిషనరుగా వేసింది. ప్రొద్దుటూరు వైపు పాత మిద్దె, పైకప్పుకు రైలు పట్టాల దూలాలు, వాటి మీద కడప బండలు. దెయ్యాల కొంప అన్న పేరు వల్ల దానికి ధర పలకడం లేదని ఒక పక్షం గోల. అందులో బాడుగకు ఉన్న అవ్వను కూర్చోబెట్టి అడిగాను. రాత్రి భోజనాలయినాక మిద్దె మీద ఎవరో నడుస్తారనీ, టక్కుమని ఒక అడుగు, కాసేపాగి మరొకటి వినబడుతుందనీ, ఇంటి పెద్దామె ఆ మిద్దె మీదనే పోయిందనీ చెప్పింది. రోజూ వినబడుతుందా, వానాకాలంలో కూడా వినబడుతుందా అని అడిగాను. "వానాకాలంలో యాడొస్తాది సారూ, ఆయమ్మ సచ్చిపోయింది నడెండాకాలంలో కదా" అంది. మబ్బు పట్టిన రోజు? ఆ రోజు కూడా రాదట. మబ్బంటే ఆయమ్మకు మొదటినుంచీ పడదట.

పగలంతా 43, 44 డిగ్రీల ఎండలో కాలిన మిద్దె పొద్దుగూకిన తర్వాత చల్లబడుతుంది. నాలుగు మీటర్ల ఇనుప దూలం 20 డిగ్రీలు చల్లారితే దాదాపు ఒక మిల్లీమీటరు కుంచించుకుంటుంది, బండ అంతకంటే తక్కువ కుంచించుకుంటుంది. ఆ తేడా కొంతసేపు సున్నంలో బిగబట్టుకుని ఉండి ఒక్కసారిగా జారితే టక్కుమంటుంది, మళ్లీ బిగుసుకుని మళ్లీ జారుతుంది. ఆ అవ్వ చెప్పినది ప్రతి మాటా నిజం. కాలం, వేళ, అడుగుకూ అడుగుకూ మధ్య ఎడం, మబ్బు రోజుల మినహాయింపు, అన్నీ ఆమె చెప్పినవే. నేను చేసింది అడగడం ఒక్కటే. ఆ ఇంటికి ఆ పేరు ఎవరు తెచ్చారన్నది వేరే సంగతి. దెయ్యం ఉందన్న ప్రచారం వల్ల ఎవరికి చవకగా కలిసివస్తుందో విచారించకుండా ఇటువంటి కేసు మూయకూడదని మాత్రం అంటాను. నా రిపోర్టులో పైకప్పు స్థితి రాశాను, పెద్దామె గురించి రాయలేదు.

హేతువాదులం అని చెప్పుకునే మిత్రులకు ఇక్కడ ఒక మాట. కేరళలో పుట్టి శ్రీలంకలో స్థిరపడిన అబ్రహాం కోవూరు 1963లో మహిమలు నిరూపించినవారికి లక్ష రూపాయలు ఇస్తానని ప్రకటించాడు. ఆ సవాలును మనవాళ్లు ఇప్పటికీ వేదికల మీద గర్వంగా చెబుతారు. ఆయన మరో పని కూడా చేశాడు, రాళ్లు పడుతున్నాయన్న ఇళ్లకు స్వయంగా పోయి, ఇంట్లో ఒక్కొక్కరినీ విడివిడిగా కూర్చోబెట్టి, పెద్దల చేత దెబ్బలు తినే పిల్లవాడినో, నోరు విప్పలేని పడుచునో ఓపికగా మాట్లాడించాడు. ఆ ఓపిక అరువు తెచ్చుకోకుండా సవాలు ఒక్కటే తెచ్చుకున్నాం. నడిరాత్రి మెలకువ వచ్చి, కాలూ చెయ్యీ కదలక, గుండెల మీద ఎవరో కూర్చుని అదిమినట్టు ఉందని హాస్టలు కుర్రవాడు చెబితే నవ్వడం తేలిక. కలలు వచ్చే నిద్రలో శరీరం కదలకుండా మెదడు కండరాలను పట్టు లేకుండా సడలించి ఉంచుతుంది, ఆ సడలింపు పోక ముందే మెలకువ వస్తే జరిగేది అదే. జీవితంలో ఒకసారైనా దాన్ని అనుభవించినవారు జనంలో 7.6 శాతం, విద్యార్థుల్లో 28 శాతం దాకా ఉంటారని 2011లో పాత అధ్యయనాలన్నింటినీ క్రోడీకరించిన లెక్క చెబుతోంది. నిద్ర చాలనివారికి, వెల్లకిలా పడుకునేవారికి ఎక్కువగా వస్తుంది. ఈ నాలుగు మాటలూ చెబితే ఆ కుర్రవాడు ఆ రాత్రి నిద్రపోతాడు. నవ్వితే, మంత్రం వేసే మనిషి దగ్గరికి పోతాడు.

అడగకపోవడం వల్ల ప్రాణం పోయిన సంగతి లా కాలేజీలో అందరం చదివాం. 1958 మే నెలలో ఒరిస్సాలోని రస్‌గోవింద్‌పూర్‌కు కలకత్తా వ్యాపారి ఒకడు పాత విమానాల తుక్కు కొనడానికి వచ్చాడు. వెంట రామ్ బహదూర్ థాపా అనే నేపాలీ నౌకరు ఉన్నాడు. యుద్ధకాలంలో వాడి వదిలేసిన అక్కడి విమానాశ్రయంలో దెయ్యాలు తిరుగుతాయని ఊరంతా నమ్మకం, రాత్రిపూట ఆ దారిన ఒంటరిగా పోయేవారు లేరు. దెయ్యాలను చూడాలని ముచ్చటపడిన ఆ వ్యాపారి బృందం రాత్రి ఆ దారిన వస్తుండగా దూరంగా ఒక దీపం రెపరెపలాడింది, గాలికి అది కదులుతున్నట్టు, చుట్టూ ఆకారాలు ఎగురుతున్నట్టు కనబడింది. కొరివి దెయ్యాలనుకుని అందరూ అటు పరుగెత్తారు. ముందుగా చేరిన థాపా కుక్రీ దూసి ఎడాపెడా నరికాడు. అక్కడ ఉన్నది హరికేన్ లాంతరు పెట్టుకుని చెట్టు కింద ఇప్పపూలు ఏరుకుంటున్న గిరిజన స్త్రీలు. ఒకామె చనిపోయింది, ఇద్దరు తీవ్రంగా గాయపడ్డారు. దెయ్యాల మీదనే కత్తి ఎత్తుతున్నానని అతడు చిత్తశుద్ధితో నమ్మాడు కనుక శిక్షాస్మృతి 79వ సెక్షను కింద అతడిని విడుదల చేయడం సరైనదేనని ఒరిస్సా హైకోర్టు 1959లో తీర్పు చెప్పింది. న్యాయపరంగా ఆ తీర్పుతో నాకు పేచీ లేదు. నన్ను వేధించేది మరో సంగతి. ఇప్పపూలు రాత్రి రాలతాయి, ఆ పూల మీద బతికేవారు చీకటితోనే పోయి ఏరుకుంటారు; పగటిపూట ఆ పల్లెకు పోయి "రాత్రిళ్లు అటువైపు దీపం పట్టుకుని పోయేవారెవరైనా ఉన్నారా?" అని ఒక్కరు అడిగి ఉంటే చాలు. ఒక ముచ్చటైన దెయ్యాల వేటలో ఆ ఒక్క ప్రశ్నకు చోటు లేకపోయింది.

"ఇన్ని మాటలు చెబుతావు కదా, అమావాస్య రాత్రి శ్మశానంలో పడుకో చూద్దాం" అని సవాలు చేసేవారు మా కోర్టులోనూ ఉన్నారు. పడుకోను. నాకు పాములంటే భయం. నేను పడుకుంటే దెయ్యం లేదనీ, పడుకోకపోతే ఉందనీ ఏ చట్టం కింద తేలుతుందో నాకు తెలియదు.

ఇంతకీ మన జిల్లాల్లో దెయ్యం మాట ఎక్కువగా ఎక్కేది కోటల మీద కాదు, ఆడపిల్లల మీద. బాలింతకు గాలి సోకింది, కొత్తకోడలికి దెయ్యం పట్టింది అన్న మాట వచ్చిన తర్వాత ఆ మనిషి చెప్పేది ఏదీ ఆమె మాట కాకుండా పోతుంది. వేపమండలు పట్టుకున్న భూతవైద్యుడు "ఎవరు నువ్వు, ఏ ఊరి నుంచి వచ్చినావు, ఏం కావాలి నీకు?" అని ఆమెలో ఉన్నదనుకున్నదాన్ని అడుగుతాడు, ఆమెను అడగడు. కాన్పు అయిన రెండు వారాల్లో వెయ్యి మందిలో ఒకరికో ఇద్దరికో తీవ్రమైన మానసిక వ్యాధి వస్తుందనీ, నిద్ర పూర్తిగా పోతుందనీ, లేని గొంతులు వినబడతాయనీ, బిడ్డకు కూడా ప్రమాదమనీ, మందులతో అది బాగా నయమవుతుందనీ వైద్యశాస్త్రానికి ఏనాటి నుంచో తెలుసు. వేపమండల కింద గడిచే ప్రతి రోజూ ఆ తల్లీబిడ్డల ఖాతాలోంచే పోతుంది. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న తాటాకుల కొట్టంలో మంటలు లేచినప్పుడు, స్వస్థత కోసం తీసుకువచ్చి గొలుసులతో కట్టేసిన 28 మంది కదలలేక కాలిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షను మానసిక రోగిని ఏ రకంగానైనా గొలుసుతో కట్టడాన్ని నిషేధించింది.

అలాగని గుడికీ దర్గాకూ పోవద్దని చెప్పేవారితోనూ నేను ఏకీభవించను. చెప్పినా ఎవరూ వినరు. గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గా దగ్గర "దవా-దువా" అనే పద్ధతి నడిచింది, ముజావర్లే తమ దగ్గరికి వచ్చినవారికి దువా చేసి, అక్కడే ఉన్న మానసిక వైద్యుడి దగ్గరికి పంపించారు. తాయెత్తు కట్టినంత మాత్రాన మాత్ర పని చేయడం మానదు. సీమలో పేరున్న ప్రతి దర్గా దగ్గరా, పూనకాలు వచ్చే ప్రతి గుడి దగ్గరా ఇటువంటి బల్ల ఒకటి ఎందుకు పెట్టకూడదో నాకు తెలియడం లేదు.

"పెళ్లికి ముందే దెయ్యం ఉందంట, మాకు చెప్పకుండా దాచినారు" అని అత్తింటివారు పంపేసిన కూతురిని వెంటబెట్టుకుని తల్లిదండ్రులు విడాకుల నోటీసుతో నా ఆఫీసుకు వస్తుంటారు. వచ్చినవారు అందరూ ఒకేసారి మాట్లాడతారు, ఆ అమ్మాయి తప్ప. మిగతావారిని బయట బెంచీ మీద కూర్చోమని, నా జూనియరు అమ్మాయిని పక్కన పెట్టుకుని, ఆమె చేతనే చెప్పించి ఆమె మాటల్లోనే రాయిస్తాను: ఎప్పటి నుంచి, రాత్రి ఎన్ని గంటలు నిద్ర, మూర్ఛ వచ్చిందా, పడిపోతే నాలుక కొరుక్కుందా, కాన్పు ఎప్పుడయింది, తిండి ఎవరు పెడతారు, ఎవరైనా కొట్టారా, భర్త ఊళ్లో ఉంటాడా కువైట్‌లోనా. ఆ కాగితాల్లో దెయ్యం అన్న మాట రావడం అరుదు, వచ్చినా "అంటున్నారు" అనే వస్తుంది. దాని నకలు ఒకటి కేసు కట్టలో ఉంటుంది, ఒకటి పెద్దాసుపత్రి మానసిక వైద్యుడి చేతికి పోతుంది. వెంటనే పోలేనివారికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో పెట్టిన టెలీ మానస్ నంబరు 14416 రాసి ఇస్తాను. తెలుగులోనే మాట్లాడతారు, రాత్రిపూట కూడా ఎత్తుతారు.